బ్రేకు కీచుమంటే ఏం చెబుతున్నట్టు?

చీపురుపల్లి లాంటి చిన్న పట్టణాల్లో కూడా ఇప్పుడు హైస్కూలు పిల్లలు గేరు సైకిళ్లు తొక్కుతున్నారు. లావుపాటి టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగులు, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు. కొన్న కొత్తలో లీవరు మెల్లగా నొక్కినా సైకిలు చప్పుడు లేకుండా ఆగుతుంది. ఒక వానాకాలం గడిచేసరికి చాలా సైకిళ్లు గొంతు విప్పుతాయి. కొన్ని కీచుమంటాయి, కొన్ని సుయ్ సుయ్‌మని గీరుకుంటూ నడుస్తాయి, కొన్నింటికి బ్రేకు పట్టగానే హ్యాండిలు వణుకుతుంది. వంగి చూస్తే డిస్కు మీద చారలు, ఒకవైపు ఎక్కువ అరుగుదల కనిపిస్తాయి.

అప్పుడు ఇంట్లో వాళ్లు రెండు చుక్కలు నూనె వేయమంటారు. ఇంకొకరు డిస్కు మార్పించమంటారు. మొదటి సలహా ప్రాణాల మీదికి తెస్తుంది. రెండోది చాలాసార్లు డబ్బు దండగ. ఎందుకంటే అరిగించిన కారణం అలాగే ఉంటే కొత్త డిస్కు కూడా అదే తీరున అరుగుతుంది. బ్రేకు చేసే ప్రతి శబ్దానికీ, డిస్కు మీద పడే ప్రతి గీతకూ ఒక భౌతిక కారణం ఉంది. దాన్ని చెవితో, కంటితో, జూనియర్ కాలేజీ లాబులో ఉండే ఒక చిన్న పరికరంతో కనిపెట్టవచ్చు. ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం.

వేగం వేడిగా మారే చోటు

మనిషి, సైకిలు కలిపి 85 కిలోలు అనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు వాటి గతిశక్తి సుమారు 2,950 జౌళ్లు. ఆగేసరికి ఆ శక్తిలో దాదాపు అంతా బ్రేకుల దగ్గర వేడిగా మారుతుంది. సైకిలు డిస్కు బరువు సుమారు 120 గ్రాములు. అంత ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కడానికి 60 జౌళ్లు చాలు. రెండు చక్రాలూ సమానంగా పంచుకున్నా, ఒక్కసారి ఆగితే ఒక్కో డిస్కు 25 డిగ్రీల దాకా వేడెక్కుతుంది.

చీపురుపల్లి నుంచి రాజాం దాకా ఉన్న రోడ్డు మీద ఈ వేడి గాలికి ఆరిపోతుంది. ఘాట్ రోడ్డులో ఆరదు. అరకు దారిలో శిమిలిగూడ రైల్వే స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి శృంగవరపుకోటకు దిగడమంటే సుమారు 900 మీటర్లు కిందికి రావడం. అదే 85 కిలోల బరువుకు ఆ దిగుడులో విడుదలయ్యే శక్తి 7.5 లక్షల జౌళ్లు. రెండున్నర లీటర్ల నీటిని మరిగేదాకా కాచడానికి సరిపోయే వేడి ఇది. ఇందులో కొంత గాలి నిరోధం తీసుకుంటుంది, మిగిలింది అరచేతి వెడల్పున్న రెండు రేకుల గుండా పోవాలి. దిగినంతసేపూ లీవరు నొక్కి పట్టేవాళ్ల డిస్కు నీలంగానో గోధుమరంగులోనో మారుతుంది. డిస్కును నొక్కి పట్టే ప్యాడు పైపొర మాడి గాజులా నున్నబడుతుంది. నున్నబడిన ప్యాడు పట్టు కోల్పోతుంది, పైగా అరుస్తుంది. అందుకే వాలులో బ్రేకును మలుపుకు ముందు గట్టిగా పట్టి, తర్వాత వదిలేయాలి. రెండు పట్టులకూ మధ్య డిస్కుకు గాలి తగలాలి.

కీచు ఎలా పుడుతుంది

విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ నేర్పి, తర్వాత ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. వయొలిన్ కమాను తీగ మీద జారేటప్పుడు జరిగేదే మన సైకిలు బ్రేకులోనూ జరుగుతుంది. రోజిను రాసిన కమాను తీగను పట్టి తనతో పాటు కాస్త లాగుతుంది. తీగ బిగువు పట్టును మించగానే చటుక్కున జారి వెనక్కి పోతుంది. మళ్లీ కమాను పట్టుకుంటుంది. కదలకుండా ఉన్న రెండు తలాల మధ్య ఘర్షణ, జారుతున్నప్పటి ఘర్షణ కంటే ఎక్కువ కావడం వల్ల ఈ పట్టు-జారు ఆట సాగుతుంది. తీగ సెకనుకు కొన్ని వందల సార్లు ఇలా కదిలితే మనకు స్వరం వినిపిస్తుంది. బాల్యం విశాఖపట్నంలో గడిపిన సి.వి. రామన్ 1918లో కలకత్తా నుంచి వెలువరించిన పరిశోధనలో ఈ కదలికను గణితంతో వివరించారు. ఆ తర్వాత చేతికి బదులు యంత్రంతో కమానును నడిపించి ప్రయోగాలు కూడా చేశారు.

బ్రేకులో కమాను స్థానం ప్యాడుది, తీగ స్థానం డిస్కుది. ప్యాడు డిస్కును పట్టి వదిలి, పట్టి వదిలి, పలచటి రేకును పక్కలకు కంపింపజేస్తుంది. డిస్కు, ప్యాడ్లను పట్టుకున్న కాలిపర్, ఫ్రేము కలిసి తమ సహజ పౌనఃపున్యంలో మోగుతాయి. అసలు సిసలు కీచుకు ఒక గుర్తుంది: వేగం తగ్గినా దాని శ్రుతి పెద్దగా మారదు. శ్రుతిని నిర్ణయించేది చక్రం వేగం కాదు, లోహపు రేకు గట్టిదనం, బరువు.

ఈ రోగం డిస్కు బ్రేకుతో పాటే పుట్టింది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో కారు డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన వాడినవి రాగి ప్యాడ్లు. లోహం మీద లోహం రాసుకుని భరించలేనంతగా అరిచాయి. 1907లో హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్బెస్టాస్ పూత వేశాక గోల తగ్గింది. ఆస్బెస్టాస్ ఊపిరితిత్తులకు హాని చేస్తుందని తేలాక దాన్నీ వదిలేశారు. ఇప్పటి సైకిలు ప్యాడ్లు రెండు రకాలు. ఒకటి, రెసిను జిగురుతో పీచులు, పొడులు కలిపి అచ్చు పోసినది. రెండోది, లోహపు పొడిని వేడితో గట్టిపరచినది. మొదటిది నిశ్శబ్దంగా పట్టుకుంటుంది కానీ వానలో, బురదలో త్వరగా అరుగుతుంది. రెండోది వేడిని, బురదను తట్టుకుంటుంది కానీ చప్పుడు ఎక్కువ, డిస్కునూ ఎక్కువ అరిగిస్తుంది.

గరివిడి ఖనిజం, ఖొండలైటు ధూళి

డిస్కు దగ్గరికి ఒక అయస్కాంతం తీసుకెళ్లండి, అతుక్కుంటుంది. వంటింట్లోని చాలా స్టీలు గిన్నెలకు అతుక్కోదు. రెండూ స్టెయిన్‌లెస్ స్టీలే, కూర్పు వేరు. మంచి డిస్కును 12, 13 శాతం క్రోమియం ఉన్న, వేడిచేసి చల్లార్చి గట్టిపరచగల ఉక్కుతో చేస్తారు. గిన్నెల ఉక్కులో ఖరీదైన నికెలుకు బదులు మాంగనీసు కలపడం మన దేశంలో మామూలే. చీపురుపల్లి పక్కనున్న గరివిడి ఈ కథలో భాగస్వామి. ఈ ప్రాంతంలో 1890లలోనే మాంగనీసు తవ్వకం మొదలైంది. ఇక్కడి కోడూరు గని పేరు మీదుగా భూగర్భ శాస్త్రజ్ఞుడు లూయిస్ ఫెర్మర్ ఒక రాతికి కోడూరైట్ అని పేరు పెట్టాడు. గరివిడిలో అందరూ ఫేకర్ అని పిలిచే ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ ఉక్కు తయారీకి కావలసిన ఫెర్రో మాంగనీసును దశాబ్దాల పాటు కరిగించింది.

అదే నేల డిస్కుకు శత్రువునూ ఇచ్చింది. విజయనగరం జిల్లా కొండల్లో ఎక్కువగా ఉండే రాయి ఖొండలైటు. అందులో క్వార్ట్‌జు, గోమేదికం జాతికి చెందిన గార్నెట్ ఉంటాయి. రాయి శిథిలమై ఎర్రమట్టి అయినా ఈ రెండు ఖనిజాల రేణువులు చెక్కు చెదరవు. మోస్ కొలతలో వాటి గట్టిదనం 7 దరిదాపుల్లో ఉంటుంది. గట్టిపరచిన ఉక్కు కంటే అది ఎక్కువ. వానాకాలంలో గెడ్డ దాటి, గ్రావెల్ రోడ్డు మీదుగా వచ్చిన సైకిలు ప్యాడ్లలో ఈ రేణువులు గుచ్చుకుని ఉంటాయి. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకే చోట గీరడంతో డిస్కు మీద గ్రామఫోను రికార్డు మీద ఉన్నట్టు గుండ్రటి చారలు పడతాయి. గోరు తగిలితే తట్టుకునేంత లోతైన చార ఉందంటే, ఆ చారకు ఎదురుగా ప్యాడులో రాతి రేణువు ఉందేమో వెతకాలి.

లయను బట్టి లోపం

సైకిలు చక్రాన్ని నేల నుంచి ఎత్తి చేత్తో తిప్పి వినండి. పైపులోని ద్రవంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకు ఉన్న సైకిలును తలకిందులుగా పెట్టవద్దు. ట్యాంకులో గాలి ఉంటే పైపులోకి పోయి లీవరు మెత్తబడుతుంది. తిరిగే డిస్కు దగ్గర వేళ్లు పెట్టవద్దు, దాని రంధ్రాలు వేళ్లను కోసేస్తాయి.

బ్రేకు పట్టకుండానే, చుట్టుకు ఒకసారి గీరుకుంటే డిస్కు వంగింది. తెల్ల కాగితం వెనక పెట్టి, ప్యాడ్ల మధ్య సందులోంచి చూస్తే వంపు ఏ చోట ఉందో కనిపిస్తుంది. చుట్టంతా ఆగకుండా గీరుకుంటే డిస్కు బాగానే ఉంది, కాలిపర్ పక్కకు జరిగింది. లేదా చక్రం ఫోర్కులో సరిగా కూర్చోలేదు. పంక్చరు వేయించుకున్న మర్నాటి నుంచి గీరుడు మొదలైతే అనుమానించవలసింది దీన్నే.

బ్రేకు పట్టినప్పుడు మాత్రమే, ఒకే శ్రుతిలో కీచుమంటే నాలుగు కారణాలు చూడాలి: ప్యాడుకు అంటిన నూనె, నున్నబడిన ప్యాడు, వదులైన బోల్టులు, వంకరగా బిగించిన కాలిపర్. వాన నీళ్లలో వచ్చే కీచు రెండు మూడుసార్లు బ్రేకు వేయగానే పోతే దాని గురించి బెంగ అక్కర్లేదు, నీటి పొర ఆరిపోయిందన్నమాట.

శ్రుతి వేగంతో పాటు పెరిగి తగ్గే మోత వేరే సంగతి. అది డిస్కులోని రంధ్రాలు ప్యాడు కింద నుంచి పోతున్న చప్పుడు. 27.5 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు రెండున్నర సార్లు తిరుగుతుంది. డిస్కు చుట్టూ 48 రంధ్రాల వరసలు ఉంటే సెకనుకు 120 కంపనాలు. మెల్లగా వినిపించే ఈ మోత డిస్కు స్వభావం.

బ్రేకు పట్టి మెల్లగా పోతుంటే చుట్టుకు ఒకసారి పట్టు బిగిసి వదిలినట్టుంటే, డిస్కు మందం అంతటా ఒకేలా లేదు. లేదా ఒకచోట ప్యాడు పదార్థం మరకలా అతుక్కుంది. గరగరమని లోహం కోస్తున్న చప్పుడు వస్తే ప్యాడు అయిపోయి, దాని వెనక రేకు డిస్కును తింటోంది. అక్కడితో తొక్కడం ఆపేసి నడిపించుకుంటూ రండి.

ఒకవైపే ఎందుకు అరుగుతుంది

మన దగ్గర అమ్ముడయ్యే తక్కువ ధర గేరు సైకిళ్లలో బ్రేకు తీగతో పనిచేస్తుంది. కాలిపర్‌లో రెండు ప్యాడ్లు ఉన్నా లీవరు నొక్కితే కదిలేది బయటి ప్యాడు ఒక్కటే. లోపలిది, అంటే స్పోకుల వైపుది, స్థిరంగా ఉంటుంది. కదిలే ప్యాడు డిస్కును పక్కకు వంచి, స్థిరంగా ఉన్న ప్యాడుకు ఆనించినప్పుడే బ్రేకు పడుతుంది. కొత్తలో ఆ రెండో సందు వెంట్రుకవాసి కాబట్టి డిస్కు వంగినట్టే తెలియదు. ప్యాడు అరిగే కొద్దీ సందు పెరుగుతుంది. డిస్కు ప్రతిసారీ మరింత వంగాలి. వంగిన డిస్కు ప్యాడుకు చదునుగా ఆనక అంచుతో రాసుకుంటుంది. ప్యాడు ఏటవాలుగా, డిస్కు ఒక ముఖం మీద ఎక్కువగా అరుగుతాయి, కీచు మొదలవుతుంది. చాలామంది అప్పుడు తీగను మాత్రం బిగిస్తారు. తీగ బిగిస్తే బయటి ప్యాడు ఇంకా ముందుకు వస్తుంది, డిస్కు ఇంకా వంగుతుంది. అసలు మందు స్పోకుల వైపున్న చిన్న మరలో ఉంది. ఎక్కువ కాలిపర్లలో దానికి 5 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది. దాన్ని తిప్పితే లోపలి ప్యాడు డిస్కు దగ్గరికి జరుగుతుంది. అరుగుదల ఒకవైపే ఉన్న తీగ బ్రేకులో మొట్టమొదట చూడవలసింది ఈ మరనే.

హైడ్రాలిక్ బ్రేకులో రెండు వైపులా పిస్టన్లు ఉంటాయి. వాటిలో ఒకటి మట్టి పట్టి బిగుసుకుపోతే రెండోది డిస్కును అటే నెడుతుంది. ఫలితం అదే. ఆ పిస్టను చుట్టూ శుభ్రం చేసి, కదలని వైపు మెల్లగా కదిలేలా చేయాలి.

డిస్కు మీద రాసిన అక్షరాలూ చదవండి. తక్కువ ధర డిస్కులు కొన్నింటి మీద ‘రెసిన్ ప్యాడ్ ఓన్లీ’ అని చెక్కి ఉంటుంది. అది మెత్తటి ఉక్కు. ఎక్కువ కాలం వస్తాయని దానికి లోహపు ప్యాడ్లు వేస్తే డిస్కు త్వరత్వరగా, గాట్లు పడుతూ అరిగిపోతుంది. డిస్కు కొలత కూడా సరిపోవాలి. 160 మిల్లీమీటర్ల డిస్కుకు అమర్చిన కాలిపర్‌ను అలాగే ఉంచి 180ది వేయకూడదు, మధ్యలో తగిన అడాప్టరు కావాలి. అమరిక తేడా వస్తే ప్యాడులో కొంత భాగమే డిస్కుకు ఆనుతుంది. ఆనిన మేర పల్లమై, ఆనని అంచు గట్టులా నిలబడుతుంది.

స్క్రూ గేజితో కొలవండి

డిస్కు ఎంత అరిగిందో కంటికి తెలియదు. ఎక్కువ కంపెనీల కొత్త డిస్కు మందం 1.8 మిల్లీమీటర్లు. 1.5కి దిగితే మార్చాలి, ఈ హద్దు డిస్కు మీదే రాసి ఉంటుంది. అంటే మొత్తం ఆయుష్షు 0.3 మిల్లీమీటర్లే. ఇంటర్ లాబులోని స్క్రూ గేజి కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు. కాబట్టి డిస్కు జీవితమంతా ఆ గేజి మీద 30 గీతలు. వెర్నియరు ఇక్కడ పనికిరాదు. దాని దవడలు అరగని అంచు గట్టుకు తగులుకుని, లోపలి పల్లాన్ని కొలవకుండా వదిలేస్తాయి.

డిస్కును తుడిచి, చల్లారాక, స్కెచ్ పెన్నుతో చుట్టూ ఆరు గుర్తులు పెట్టండి. ప్యాడు రాసుకునే మేర మధ్యలో, రంధ్రం తగలని చోట, ఆరు చోట్లా కొలిచి రాసుకోండి. శూన్యాంశ దోషం సవరించడం మరవకండి. ఆరు అంకెలూ దాదాపు సమానమై 1.5 పైన ఉంటే డిస్కు ఆరోగ్యంగానే ఉంది. లోపాన్ని ప్యాడులో, అమరికలో వెతకండి. ఒకటి రెండు చోట్ల అంకె స్పష్టంగా తేడాగా ఉంటే వణుకుకు కారణం దొరికినట్టే. అంకెలు సమానంగా ఉండీ చుట్టుకు ఒకసారి గీరుకుంటే అది వంపు. వంపును సరిచేయవచ్చు, పోయిన మందాన్ని తిరిగి తేలేం.

సరిచేసే వరుస

వరుస ముఖ్యం, ఒక్కో పనీ తర్వాతి పనికి ఆధారం. ముందు చక్రం ఇరుసును వదులు చేసి, సైకిలును నిలబెట్టి, చక్రం పూర్తిగా కూర్చున్నాక బిగించండి. చక్రాన్ని పక్కలకు ఊపి హబ్బులో ఆట ఉందేమో చూడండి. బేరింగు వదులుగా ఉంటే ఎంత సరిచేసినా డిస్కు ఊగుతుంది. తర్వాత డిస్కు బోల్టులను ఎదురెదురుగా, కంపెనీ చెప్పినంత బిగువుకు బిగించండి.

ప్యాడ్లు విప్పి చూడండి. రెసిను పదార్థం అర మిల్లీమీటరుకు దిగితే పారేయాలి. ఏటవాలుగా అరిగితే కాలిపర్ వంకరగా ఉందని అర్థం. గాజులా నున్నబడిన పొరను చదునైన చోట ఎమరీ కాగితం పరచి, దాని మీద రుద్ది తీయవచ్చు. ఆ పొడి ఎగరకుండా ముందు తడపండి, నోటితో ఊదవద్దు. నూనె పీల్చిన ప్యాడు మాత్రం పనికిరాదు. పొయ్యి మంట మీద కాల్చినా లోపలి నూనె పూర్తిగా పోదు, జిగురు మాత్రం చెడిపోతుంది. కొత్త జత కొనండి.

డిస్కు తుడవడానికి సెల్‌ఫోను రిపేరు షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మంచిది, ఆరాక ఏమీ మిగలదు. కిరోసిను, డీజిలు జిడ్డు వదిలిపోతాయి. చెయిను మీద చల్లే స్ప్రే తుంపర డిస్కు మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి. చాలా కీచులకు మూలం ఆ తుంపరే.

వంపు ఉంటే డిస్కు చల్లారాక, గుడ్డ చుట్టిన శుభ్రమైన స్క్రూ పానాతో, వంగిన చోట కొద్దికొద్దిగా ఎదురు దిక్కుకు వంచాలి. ప్రతిసారీ తిప్పి చూసుకోవాలి. అప్పుడు కాలిపర్. హైడ్రాలిక్ అయితే దాని రెండు బోల్టులు వదులు చేసి, లీవరు నొక్కి పట్టి, ఒక్కో బోల్టునూ కొంచెం కొంచెంగా బిగించండి. తీగ బ్రేకుకు లోపలి ప్యాడుకూ డిస్కుకూ మధ్య విజిటింగ్ కార్డు పెట్టి, లీవరు నొక్కి బిగించి, కార్డు తీసేయండి.

చివరి మెట్టు చాలామంది చేయరు. కొత్త ప్యాడు, శుభ్రం చేసిన డిస్కు ఒకదానికొకటి అలవాటు పడాలి. ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగంతో పోతూ, నడక వేగం దాకా తగ్గేలా సుమారు 20 సార్లు బ్రేకు పట్టండి. తర్వాత కాస్త ఎక్కువ వేగంతో మరో 10 సార్లు. పూర్తిగా ఆపవద్దు, ఆపితే వేడి ప్యాడు అక్కడే మరకలా అతుక్కుంటుంది. ఇలా చేస్తే ప్యాడు పదార్థం డిస్కు చుట్టూ పలచగా, సమంగా పరుచుకుంటుంది. పట్టు పెరుగుతుంది, కీచు తగ్గుతుంది.

అరుగుదలను కొలిచి, హద్దు దాటితే మార్చాలన్న నియమం పెద్ద బళ్లకూ వర్తిస్తుంది. చీపురుపల్లి మీదుగా పోయే హౌరా–చెన్నై లైను రైళ్లలో పాత ఐసీఎఫ్ పెట్టెలకు బ్రేకు దిమ్మలు చక్రాలనే రాసుకుంటాయి. ఎల్‌హెచ్‌బీ పెట్టెలకు ఒక్కో ఇరుసు మీద రెండు డిస్కులు ఉంటాయి. వాటినీ గడువు ప్రకారం కొలుస్తారు, హద్దు దాటితే మారుస్తారు. సైకిలుకు ఆ గడువు పెట్టుకోవలసింది మనమే.

చీపురుపల్లి, గరివిడి, రాజాం కాలేజీల్లో భౌతికశాస్త్రం చెప్పే లెక్చరర్లకు ఒక మనవి. స్క్రూ గేజి పాఠం రోజున తీగ ముక్క, గాజు పలకతో పాటు పిల్లల సైకిలు డిస్కు కూడా కొలిపించండి. 1.5 కంటే తక్కువ వచ్చిన డిస్కును ఆ రోజే మార్పించమని ఇంటికి కబురు పెట్టండి. బ్రేకుకు నూనె వేయమని ఎవరన్నా, ఎంత పెద్దవాళ్లన్నా, వేయవద్దు.